ఒక వ్యాధి నామచరిత్ర

వ్యాధికి పేరు పెట్టడమంటే దానిని సగం జయించడమే అని తలచేవారున్నారు. కాని పేరే త్రోవ తప్పించిన సందర్భాలు వైద్యచరిత్రలో లేకపోలేదు. యువతులలో అధికంగాను, యువకులలో కొంతగాను కనిపించే అనోరెక్సియా నెర్వోసా అందుకు నిదర్శనం. అనోరెక్సియా అనే గ్రీకు పదానికి ఆకలి లేకపోవడమని అర్థం. నిజానికి ఈ రోగులలో అనేకులను ఆకలి విడువదు. దానిని ధిక్కరించి వారే అన్నం త్రోసివేస్తారు.

1689లో ఆంగ్ల వైద్యుడు రిచర్డ్ మోర్టన్ పదునెనిమిదేండ్ల కన్యను గురించి వ్రాసినాడు. ఆమె అస్థిపంజరమై పోయినది. అయినను జ్వరం లేదు, దగ్గు లేదు. కృశించిన దేహానికి క్షయ తప్ప మరొక పేరు తోచక, అతడు దీనిని నాడీసంబంధమైన క్షయ అన్నాడు. మందులతో విసిగి ఆమె చికిత్స మానుకొన్నది. మూడు నెలలకు మరణించినది.

1873లో పారిస్‌లో లసేగ్, లండన్‌లో విలియం గల్ వేరువేరుగా ఈ వ్యాధిని వర్ణించినారు. లసేగ్ దీనిని హిస్టీరియాలో చేర్చినాడు. పురుషులలోనూ దీనిని చూచిన గల్‌కు ఆ మాట రుచించలేదు. నేటి పేరు ఆయన పెట్టినదే. తనకు బాధ లేదు గనుక జబ్బూ లేదనే రోగి వాదాన్ని, ఇంటివారి బ్రతిమాలుటను, బెదిరింపును లసేగ్ శ్రద్ధగా గమనించినాడు.

ఆ శ్రద్ధ నిలువలేదు. 1914లో సిమ్మండ్స్ పీయూషగ్రంథి క్షీణతను వర్ణించిన పిమ్మట, వైద్యులు ఈ రోగమూలాన్ని ఆ గ్రంథిలో వెదకినారు. రెండూ వేరని తేలడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టినది. 1960, 70లలో హిల్డా బ్రూక్ రోగుల మాటలను మరల ఆలకించినది. తన జీవితంలో తనకు అధికారమున్నది దేహంపై మాత్రమే అనుకొన్న బాలిక వేదన ఆమెకు అందులో వినిపించినది.

అంతట లావెక్కుతామనే భయమే ఈ వ్యాధికి ముఖ్యలక్షణమైనది. 1990లలో హాంకాంగ్ వైద్యులు, మన దేశపు వైద్యులు ఆ భయం లేకనే కృశించిన రోగులను చూపినారు. 2019లో వెలువడిన జన్యుపరిశోధన దేహంలోని జీవక్రియలకు కూడ ఇందులో పాత్ర కలదని సూచించినది. కనుక నేరం తల్లిదండ్రులదని గాని, రోగి మొండితనమని గాని అనరాదు.

మానసిక వ్యాధులలో మరణాలు మిక్కిలి ఎక్కువైన వాటిలో ఇది యొకటి. ఉపవాసం పుణ్యమని నమ్మే మన ఇండ్లలో, ఆకలి లేదంటూ దినదినం కంచం ముందునుండి లేచిపోయే పిల్లను ఎవరూ శంకించకపోవచ్చు. లసేగ్ వలె ఆమె మాట వినడానికి వ్యాధి పేరు తెలియవలసిన పని లేదు.