‘బుల్లీ’ వర్గపు శునకాలు: పేరు, చరిత్ర, అపోహలు

వ్యాససంగ్రహం:
పిట్‌బుల్, బుల్‌టెర్రియర్, స్టాఫర్డ్‌షైర్ బుల్‌టెర్రియర్ మొదలైన ‘బుల్లీ’ వర్గపు శునకాల గురించి ప్రచారంలో ఉన్న అపోహలను చారిత్రకదృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పనిని బట్టి ఏర్పడిన పేరు క్రమంగా వంశనామంగానూ, చివరకు నేరసూచకంగానూ మారిన తీరును ఇది వివరిస్తుంది.

కీలకపదాలు: బుల్‌డాగ్, పిట్‌బుల్, జాతినిర్ధారణ, అపోహలు, శునకచట్టాలు

1. ఉపోద్ఘాతం

వేటకుక్క, కాపలాకుక్క, ఊరకుక్క అనే తెలుగు మాటలు ఆ జంతువు చేసే పనినో, ఉండే చోటునో తెలుపుతాయి, వంశాన్ని తెలపవు. ఇంగ్లండులో ‘బుల్‌డాగ్’ అనే మాట కూడా మొదట ఇటువంటిదే. ఆబోతుపై ఉసిగొల్పే కుక్క అని దాని అర్థం. ‘బుల్లీ’ అనే విశేషణం ఈ ‘బుల్’ నుండి పుట్టినదే గాని, బలహీనులను వేధించేవాడనే అర్థం గల ‘బుల్లీ’ నుండి వచ్చినది కాదు. రెండింటి ఉచ్చారణ ఒకటే కావడంతో పేరులోనే స్వభావాన్ని చూడడం అలవాటైంది. ఇది మొదటి అపోహ.

2. ఆబోతు నుండి గోదాకు

ఆబోతును గుంజకు కట్టి కుక్కలను ఉసిగొల్పే క్రీడ ఇంగ్లండులో శతాబ్దాలపాటు సాగింది. అలా హింసించిన పశువు మాంసం మెత్తబడుతుందనే నమ్మకం కూడా ఉండేది. 1835లో బ్రిటిష్ పార్లమెంటు జంతుహింసా నిరోధకచట్టంతో ఈ క్రీడను నిషేధించింది. అయితే పందెపురాయుళ్లు మానలేదు. ఆబోతుకు బహిరంగస్థలం కావాలి. రెండు కుక్కల పోరుకు ఒక గది చాలు. అందువల్ల పోరు చాటుకు మళ్లింది. బుల్‌డాగ్ బలానికి టెర్రియర్ చురుకుదనం కలిసేలా సంకరం చేయగా ‘బుల్ అండ్ టెర్రియర్’ రకం ప్రాచుర్యం పొందింది. ‘పిట్’ అంటే ఆ పోరు జరిగే గోదా. అనగా ‘పిట్‌బుల్’ అనే పేరులో ఉన్నది కుక్క గుణం కాదు, మనిషి దానిని నిలబెట్టిన చోటు.

3. వంశావళి గ్రంథాలు

లండన్‌లో 1873లో కెన్నెల్ క్లబ్ ఏర్పడిన తరువాత కుక్కలకు వంశావళి నమోదు వ్యవస్థీకృతమైంది. అమెరికాలో 1898లో స్థాపితమైన యునైటెడ్ కెన్నెల్ క్లబ్ ‘అమెరికన్ పిట్‌బుల్ టెర్రియర్’ను నమోదు చేసింది. 1935లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్ ‘స్టాఫర్డ్‌షైర్ బుల్‌టెర్రియర్’ను గుర్తించింది. 1936లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ‘స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్’ను గుర్తించి, 1972లో ఆ పేరుకు ‘అమెరికన్’ అనే మాటను చేర్చింది. మూలం దగ్గరిదే అయినా సంస్థను బట్టి పేరు మారింది. కనుక పిట్‌బుల్ ఒకే జాతి అనుకోవడం రెండవ అపోహ.

చూపుతోనే జాతిని చెప్పవచ్చుననడం మూడవది. ఫ్లోరిడాలో 120 కుక్కలపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఆశ్రయకేంద్రాల సిబ్బంది అందులో 62 కుక్కలను పిట్‌బుల్ రకంగా పేర్కొనగా, డీఎన్ఏ పరీక్షలో ఆ వారసత్వం కనిపించినవి 25 మాత్రమే.

4. పొగడ్త, నింద

1914 నాటి ఒక అమెరికన్ చిత్రపటంలో ఐరోపా దేశాలకు ప్రతీకలైన కుక్కల నడుమ అమెరికాకు ప్రతీకగా నిలిచినది బుల్‌టెర్రియర్. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికన్ సైనికుల వెంట ఫ్రాన్సుకు వెళ్లిన ‘స్టబ్బీ’ అనే వీధికుక్కను ఈ వర్గానికి చెందినదిగానే చెప్పుకున్నారు. 1987 జూలైలో ‘స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్’ పత్రిక కోరలు చూపే పిట్‌బుల్‌ను ముఖచిత్రంగా వేసి జాగ్రత్త పడమని హెచ్చరించింది. డెబ్బై ఏళ్ల వ్యవధిలో దేశప్రతీక భయప్రతీకగా మారింది.

ఈ భయంతో కొన్ని కల్పనలు బలపడ్డాయి. కరిచిన తరువాత దాని దవడకు తాళం పడుతుందనేది వాటిలో ఒకటి. అటువంటి నిర్మాణం ఏ జాతి కుక్క దవడలోనూ లేదు. పట్టు వదలకపోవడం ప్రవర్తన, శరీరనిర్మాణం కాదు. దీనికి ప్రతిగా, పూర్వం పిల్లలను సాకే దాదిగా ఈ కుక్కను నియమించేవారనే కథను అభిమానులు ప్రచారం చేశారు. దానికీ చారిత్రకాధారం లేదు. ఏ జాతి కుక్క దగ్గరైనా పసిపిల్లలను ఒంటరిగా వదలరాదు గనుక నింద కంటే ఈ పొగడ్త తక్కువ ప్రమాదకరం కాదు.

5. చట్టం చేసిన గుర్తింపు

బ్రిటన్ 1991లో ప్రమాదకర శునకాల చట్టం చేసి, పిట్‌బుల్‌తో సహా నాలుగు రకాలను నిషేధించింది. చట్టంలో వాడిన మాట జాతి కాదు, ‘రకం’. నిర్ణయం ఆకారాన్ని బట్టి జరుగుతుంది. అయినా కుక్కకాటు మరణాలు ఆగలేదు. ‘ఎక్స్ఎల్ బుల్లీ’ అనే కొత్త రకం కారణమైన మరణాల తరువాత దానినీ 2023 చివరలో ఈ జాబితాలో చేర్చవలసి వచ్చింది. నెదర్లాండ్స్ 1993లో విధించిన నిషేధాన్ని, కాట్లు తగ్గలేదని 2008లో విరమించుకోవడానికి నిర్ణయించింది.

భారతదేశంలో 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధకశాఖ 23 రకాల కుక్కల దిగుమతి, పెంపకం, విక్రయాలను ఆపాలని ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా అన్ని రాష్ట్రాలకూ లేఖ రాసింది. సంబంధిత వర్గాలను సంప్రదించలేదన్న కారణంగా కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దానిని కొట్టివేసి, చట్టబద్ధమైన పద్ధతిలో మళ్లీ నిర్ణయం తీసుకొనే అవకాశాన్ని మిగిల్చింది.

6. ముగింపు

ఈ కుక్కలు బలమైనవి. కరిస్తే గాయం తీవ్రంగా ఉంటుంది. బిడ్డను కోల్పోయిన తల్లిదండ్రుల ముందు ‘అంతా అపోహే’ అనడం అమానుషం. అయితే 2022లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన జన్యుపరిశోధన ప్రకారం ఒక్కొక్క కుక్క ప్రవర్తనలోని వైవిధ్యంలో జాతి వివరించగలిగేది సుమారు 9 శాతమే. పెంపకం, శిక్షణ, యజమాని బాధ్యత వంటి అంశాలను పక్కనబెట్టి పేరును మాత్రమే నిషేధిస్తే, పేరు మార్చుకొని మరో రకం వస్తుందని బ్రిటన్ అనుభవం చూపుతోంది.

1860 నాటి భారత శిక్షాస్మృతి 289వ సెక్షన్ ఏ జాతినీ పేర్కొనకుండా, తన జంతువు విషయంలో అజాగ్రత్తగా ఉన్న మనిషినే శిక్షార్హుణ్ణి చేసింది. 1960 నాటి జంతుహింసా నిరోధకచట్టం జంతువులను పోరుకు ఉసిగొల్పడాన్ని నేరమన్నది. ‘బుల్‌డాగ్’ అనే పేరు పుట్టినది కూడా ఉసిగొల్పిన చేతి వల్లనే. ఆ చేతిని విడిచి కుక్కను మాత్రమే విచారించడం ఈ చరిత్రలోని అన్ని అపోహలకూ మూలం.