గల్లీ నంబర్లు, భూమి నంబర్లు, టేబుల్ నంబర్లు

కంప్యూటర్స్ తీసుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ‘క్వెరీ రిజల్ట్‌లో వరుస నంబరు ఎట్ల వేయాలె’ అని అడుగుతున్నరు. మేం పాతబస్తీ హాస్టల్లో ఉంటం కాబట్టి ఇక్కడి గల్లీల నుంచే చెప్తం.

మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్నప్పుడు, 1869లో, ఈ నగరాన్ని నాలుగు డివిజన్లు చేసిన్రు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద ఊరిని ముంచింది. ఆ తర్వాత లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో 1912-15 మధ్య గల్లీ గల్లీకి సర్వే మ్యాపులు గీసిన్రు. ఇప్పటి డోర్ నంబర్లు చూడండి: దారుల్‌షిఫాలో 22తో, మొఘల్‌పురాలో 23తో మొదలవుతయి. ముందు వార్డు, తర్వాత బ్లాకు, చివర ఇల్లు. అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటే పాత నంబరుకే ఒక ‘బై’ తగిలిస్తరు. గల్లీ మొత్తానికి మళ్లా ఒకటి నుంచి నంబర్లు వేయరు. వేస్తే రేషన్ కార్డు, కరెంటు బిల్లు, రిజిస్ట్రీ అన్నీ తారుమారే.

జనాభా లెక్కలాయన మాత్రం తన కాగితం మీద 1, 2, 3 అని రాసుకుంటూ పోతడు. అది ఇంటి నంబరు కాదు, ఆ రోజు ఆయన నడిచిన వరుస.

డేటాబేస్‌లో కూడా ఇదే తేడా. 1970లో ఐబీఎంలో పనిచేసే కాడ్ రాసిన సిద్ధాంతం ప్రకారం టేబుల్‌లో వరుసలకు ముందూ వెనకా ఉండదు. క్రమం మనమే అడగాలె. పాత పద్ధతిలో ప్రతి వరుసకూ ‘నాకంటే ముందు ఎందరున్నరు’ అని లెక్కపెట్టించేటోళ్లు. పదివేల వరుసలుంటే సుమారు ఐదు కోట్ల లెక్కింపులు! రో నంబర్ ఫంక్షన్ అట్ల కాదు. ఒక్కసారి క్రమంలో పెట్టి, గల్లీ వెంట నడిచినట్టు లెక్కపెడుతది. ఆ క్రమానికి ఇండెక్స్ ఉంటే సార్టింగ్ పనీ తప్పొచ్చు. ఇది 2003 ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోకి వచ్చింది. మై ఎస్‌క్యూఎల్‌కు మాత్రం 2018లో, 8.0తో వచ్చింది. అంత ఆలస్యం ఎందుకో మరి!

పేజీలు పేజీలుగా చూపించాలంటే ఆఫ్‌సెట్ కంటే చివరి కీ గుర్తుపెట్టుకోవడం మేలు. లెక్కలాయన రెండో రోజు గల్లీ మొదటి నుంచి నడవడు కదా, నిన్న ఆపిన ఇంటి పక్క నుంచే మొదలుపెడతడు. ఇద్దరికి ఒకే మార్కులుంటే ఎవరు ముందో చెప్పలేం, ఒక్కోసారి ఒక్కో తీరు రావచ్చు. అందుకే ఆర్డర్ బైలో చివర ఐడీ కూడా పెట్టాలె.

మనోళ్లకు ఈ తేడా పరీక్ష పేపరు వరకే కాదు. నిజాం కాలం సేత్వార్‌లోని సర్వే నంబరు 1954-55 ఖాస్రా పహాణీలోకి వచ్చింది. పొలం పగిలితే అ, ఆ అని బై నంబరు చేరింది. పోడు చేసే అడవికి చాలా చోట్ల అసలు ఆ నంబరే లేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయిన తర్వాతే సర్కారు హైమెన్‌డార్ఫ్‌ను గోండు గూడేలకు పంపింది, ఆ తర్వాతే పట్టాల మాట కదిలింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఊళ్లో జాబితా చదివినప్పుడు మన పెద్దలు ‘మాది పద్నాలుగో నంబరు’ అని గుర్తుపెట్టుకుంటరు. నడుమ ఒక పేరు చేరితే అది పదిహేను అయితది. దరఖాస్తు రసీదు మీది నంబరు మాత్రం మారదు. ఈసారి ఇంటికి పోయినప్పుడు అది ఫోటో తీసి పెట్టుకోండి.