తెలుగు వ్యాసానికి మార్కులు: మారిన భాష, మారని దిద్దుబాటు

తెలుగు బడిలో విద్యార్థి రచన గురించి మనం చెప్పుకునే చరిత్ర దాదాపు ఒకటే. పండితులు పిల్లల చేత గ్రాంథికం రాయించారు. గిడుగు, గురజాడ ఎదురు తిరిగారు. కొన్ని దశాబ్దాలకు వాడుకభాష గెలిచింది. దాంతో పిల్లల కలానికి స్వేచ్ఛ వచ్చింది. మొదటి మూడు మాటలతో నాకు పేచీ లేదు. నాలుగోదానికి మాత్రం రుజువు కనిపించదు. ఆ పోరాటంలో పిల్లలు రాయవలసిన భాష మారింది గాని, రాసినదాన్ని దిద్దే పద్ధతి పెద్దగా మారలేదు.

వీధిబడి సంగతి తెలిసిందే: ఇసుకలో ఓనమాలు, తాటాకు మీద గంటం, పద్యాల వల్లెవేత. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ తన జిల్లాలోని 533 బడుల గురించి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. పిల్లలు అర్థం తెలియని కావ్యభాషను వల్లిస్తున్నారని అందులో చేసిన విమర్శను చాలామంది ఎత్తి చూపుతారు. అదే నివేదికలో ఆ పిల్లలు రకరకాల చేతిరాతల్లో ఉన్న ఉత్తరాలు చదవడం, మామూలు ఉత్తరాలు రాయడం, ఒప్పంద పత్రాలు తయారుచేయడం నేర్చుకుంటున్నారని కూడా ఉంది. ఈ మాటను ఎవరూ పట్టించుకోరు. ఉత్తరం అర్థమైందో లేదో అందుకున్నవాడికి తెలుస్తుంది. పత్రంలో లోపం ఉంటే వ్యవహారంలో బయటపడుతుంది. ఆ బడిని ఆదర్శంగా చూపడం నా ఉద్దేశం కాదు. అందులో అడుగుపెట్టగలిగిన పిల్లలు కొద్దిమందే, ఆడపిల్లలు మరీ తక్కువ. అయినా రాతకు ఒక పని ఉందని ఆ బడికి తెలుసు.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది. దానికి కాస్త ముందు 1853లో చిన్నయసూరి నీతిచంద్రిక, కాస్త తర్వాత 1858లో బాలవ్యాకరణం వెలువడ్డాయి. తర్వాత జరిగినదానికంతటికీ సూరినే దోషిని చేయడం అలవాటైపోయింది. అది న్యాయం కాదు. ఆయన కావ్యభాషకు సూత్రాలు కూర్చాడు, ఆ పని అద్భుతంగా చేశాడు. ఆ సూత్రాలను మార్కుల కొలబద్దగా మార్చింది పరీక్ష. గంజాం నుంచి నెల్లూరు దాకా, ఇటు దత్తమండలాల దాకా ఉన్న విద్యార్థులకు ఒకే పరీక్ష పెట్టాలంటే, ఎవరు దిద్దినా ఒకేలా తేలే లెక్క కావాలి. అరసున్న ఉందా లేదా, శకటరేఫం సరైనచోట పడిందా, ద్రుతం మీద సరళాదేశం జరిగిందా అన్నవి చూడగానే తేలతాయి. ఆలోచన నడక బాగుందా అన్నది అలా తేలదు. తేలిగ్గా లెక్కకు అందేదే యోగ్యతకు గుర్తయింది. గ్రాంథికం అంతకాలం నిలవడానికి పండితుల పట్టుదల ఎంత కారణమో, ఈ సౌకర్యం కూడా అంతే కారణమని నా అభిప్రాయం.

1906 తర్వాతి దశాబ్దాన్ని ఈ దృష్టితో చూస్తే కథ కొంత మారుతుంది. ఉత్తర కోస్తాలో బడుల ఇన్‌స్పెక్టరుగా ఉన్న జె.ఎ. యేట్స్, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి, విజయనగరంలో గురజాడ, విశాఖపట్నంలో కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు వాడుకభాష కోసం ఒక్కటయ్యారు. వీరి పట్టుకు మూలం తరగతి గదే. 1912-13లో స్కూల్ ఫైనల్ వ్యాసాన్ని కావ్యభాషలోనైనా ఆధునిక భాషలోనైనా రాయవచ్చని బోర్డు అనుమతించింది. పండిత వర్గం కలవరపడింది. 1913లో గిడుగు ఆధునిక తెలుగు మీద ఇంగ్లీషులో విజ్ఞాపన పత్రం ప్రచురించారు. అదే ఏడు జయంతి రామయ్య పంతులు కావ్యభాషను సమర్థిస్తూ పుస్తకం తెచ్చారు. విశ్వవిద్యాలయ తెలుగు వ్యాసరచన ఉపసంఘంలో అధికులు కావ్యభాష వైపు నిలవగా, 1914లో గురజాడ సుదీర్ఘమైన అసమ్మతి పత్రం సమర్పించారు. మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు.

రామయ్య పంతులు పక్షాన్ని ఛాందసమని కొట్టిపారేయడం ఇప్పుడు తేలిక. వాళ్ల ప్రశ్నల్లో ఒకటి గట్టిది. వాడుకభాష అంటే ఏ జిల్లా వాడుక? పరీక్షకుడిది ఒక జిల్లా, విద్యార్థిది మరో జిల్లా అయితే ఏది ఒప్పు, ఏది తప్పు? శిష్టుల వాడుక అన్నది సంస్కర్తల జవాబు. మార్కుల పట్టికలో అది ఎలా పనిచేస్తుందో ఎవరూ తేల్చలేదు. రాతకు వేసే మార్కు ఎంత నమ్మదగింది అన్న అసలు ప్రశ్నకు చర్చలో చోటు దక్కలేదు. 1912లోనే అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు పరిశోధకులు రెండు ఇంగ్లీషు జవాబుపత్రాల నకళ్లను వందకు పైగా ఉపాధ్యాయుల చేత దిద్దించారు. ఒకే పత్రానికి వచ్చిన మార్కుల్లో ముప్పైకి మించి తేడా కనిపించింది. దిద్దేవాణ్నే పరీక్షించవచ్చన్న ఆలోచన మన వాదప్రతివాదాల్లోకి వచ్చి ఉంటే చరిత్ర వేరుగా ఉండేది.

గిడుగు ఆ తర్వాత ఎంచుకున్న దారిని కూడా గమనించాలి. పండితుల రచనల్లోనే వ్యాకరణ విరుద్ధ ప్రయోగాలు ఏరి చూపించి, మీరే రాయలేని భాషను పిల్లల నుంచి ఎలా కోరతారని నిలదీశారు. వాదంగా అది తిరుగులేనిది. కానీ అదీ తప్పుల లెక్కే. ప్రత్యర్థులను వాళ్ల కొలతతోనే ఓడించడం అప్పుడు తప్పనిసరి కావచ్చు. సవరల పిల్లలకు సవర భాషలో బడి పెట్టి, పుస్తకాలు రాసిన మనిషికి చదువు పరమార్థం తెలియదని ఎవరంటారు? అయినా ఆయన గెలిచాక మనం అందిపుచ్చుకున్నది ఆ బడి దృష్టిని కాదు, తప్పుల జాబితాను.

అందుకే శిష్ట వ్యావహారికం పాఠ్యపుస్తకాల్లోకి వచ్చాక అరసున్న పోయి మరో గీటురాయి వచ్చింది. కోస్తా చదువరుల పలుకే ఒప్పయింది. ‘వచ్చిండు’ అని రాసిన తెలంగాణ పిల్లవాడి వాక్యం కింద ఎర్రగీత పడింది. కవి కాళోజీ జీవితకాలం ప్రశ్నించింది ఈ పెత్తనాన్నే.

ఇక నేటి సంగతి. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, 2009 విద్యాహక్కు చట్టం చెప్పిన నిరంతర సమగ్ర మూల్యాంకనం మంచి ఆలోచన. మన పాఠాల చివర కరపత్రం, సంభాషణ, నివేదిక, అభినందన వ్యాసం లాంటి అభ్యాసాలు చేరాయి. అయితే ఆ కరపత్రాలు ఎక్కడా పంచరు. ఆ లేఖలు ఎవరికీ చేరవు. గైడులో అచ్చయిన కరపత్రాన్ని కంఠస్థం చేసి సృజనాత్మకత కింద రాస్తే పూర్తి మార్కులు పడుతున్నాయి. స్పాట్ వాల్యుయేషన్‌లో కట్టలు కట్టలుగా పత్రాలు దిద్దే టీచరు ప్రతి విద్యార్థి వాదాన్ని తూచి చూడాలని కోరడం అన్యాయమే. నేను తప్పుపట్టేది ఆ టీచరును కాదు, ఆ ఏర్పాటును. జాతీయ సాధన సర్వే మరో అడుగు వెనక్కి వేసింది. బహుళైచ్ఛిక ప్రశ్నలకు గడులు నింపే పరీక్షలో పిల్లలు సొంతంగా ఒక్క వాక్యమైనా రాయనక్కర్లేదు. రాయడాన్ని కొలవకుండా భాషా సామర్థ్యాన్ని కొలిచామనడం సరికాదు.

రెండు తెలుగు రాష్ట్రాల పరీక్షా బోర్డులకు నా మనవి ఇది. ప్రతి ఏడూ పదో తరగతి తెలుగు జవాబుపత్రాల్లో మంచివీ, నడిమివీ, బలహీనమైనవీ కొన్ని ఏరి, పేర్లు తీసేసి, వేసిన మార్కులతో, వాటికి కారణాలతో సహా ప్రచురించండి. ఏ రాతకు ఎందుకు ఎన్ని మార్కులు వచ్చాయో ఉపాధ్యాయులకూ పిల్లలకూ కనిపించాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు.