నెల్లూరు చెరువు కాడ మన హాజరు

పోయిన వారం మా సూళ్లూరుపేట పక్క నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఇంటర్ అయిపోయింది. "అన్నా, నెల్లూరొస్తే ఏముంటది ఆడ? లేకుంటే రొయ్యల గుంటల కాడికి పోదామా అనుకుంటుండా" అన్నాడు. హాస్టల్, కాలేజీ, బస్ పాస్ అని ఏదో చెప్పి పెట్టేశా. తర్వాత ఆలోచిస్తే వాడు అడిగింది చిన్న ప్రశ్న కాదనిపించింది. మన యానాదులు నెల్లూరికి రావడం ఇవాళ మొదలు కాలేదు. ఎందుకు వచ్చారు, వచ్చినోళ్ల పేరు ఏ పుస్తకంలో రాశారు అనేది చెప్తేనే వాడికి సరైన జవాబు. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున కాలనీ. మా అవ్వ పుట్టింది మాత్రం శ్రీహరికోటలో. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సరస్సు, మధ్యలో అడివి. 1835లో ఆ దీవి ఇంగ్లీషు సర్కారు చేతికొచ్చింది. మనోళ్లు తేనె, చింతపండు, రంగు అద్దే చిరివేరు లాంటివి ఏరి ఇచ్చేవాళ్లు, బదులు తిండి గింజలు తీసుకునేవాళ్లు. ధాత కరువులో, అంటే 1876-78లో, ఆకలితో ఉన్న జనం చేత తవ్వించి బకింగ్‌హామ్ కాలవను కలిపారు. ఆ కాలవ మీదే శ్రీహరికోట కట్టెలు పడవల్లో మద్రాసుకి పోయేవి. మనకంటే ముందు మన అడివి పట్నం చేరింది!

1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న మొదటి రాకెట్, చిన్న రోహిణి, ఎగిరింది. ఈ మధ్యలోనే దీవిలోని ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొన్ని యానాది కుటుంబాలు లోపలే కూలికి ఉండిపోయాయి, మా అవ్వ వాళ్లు ఇవతలి ఒడ్డుకి వచ్చేశారు. ఇప్పటికీ రాకెట్ లేస్తే అవ్వ వాకిట్లోకొచ్చి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తది. నేను ఫిజిక్స్ చదువుతున్నా, నాకు గర్వంగానే ఉంటది. అవ్వ మొహం చూస్తే మాత్రం మాట రాదు. ఈ రెంటిలో ఒకటే నిజం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంక నెల్లూరు సంగతి. ఊరికి ఆనుకుని పెద్ద చెరువు, స్వర్ణాల చెరువు. పెన్న మీద 1850ల్లో ఆనకట్ట కట్టినాక చుట్టుపక్కల కయ్యలు పెరిగాయి. నెల్లూరు మొలగొలుకులు అంటే పేరు కదా. వరి ఉన్న కాడ ఎలకలుంటాయి, ఎలకలున్న కాడికి మనోళ్లని పిలిచేవాళ్లు. మా తాత నెల్లూరు చూసింది అట్లే. కుండలో గడ్డి పెట్టి నిప్పంటించి, బొక్కలోకి పొగ ఊదుతారు. ఎలకలు బయటికి రావాల్సిందే. తర్వాత బొక్క తవ్వితే లోపల ఎలకలు దాచుకున్న వడ్లు దొరుకుతాయి. ఆ వడ్లు, ఆ ఎలకలే కూలి. పని అయిపోయినాక రాత్రికి చెరువు కట్ట కింద పడుకుని తెల్లారి ఇంకో ఊరు. టౌన్లో ఎన్నిసార్లు పండుకున్నాడో లెక్కలేదు, ఒక్కరోజు కూడా ఒక కప్పు కింద కాదు.

ఇక్కడ ఒక చట్టం గురించి చెప్పాలి. 1871లో ఉత్తరాదిలో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించేలా చేశారు, 1924లో మళ్లీ కొత్తగా రాశారు. పుట్టుకతోనే దొంగలు అనే లెక్క. ఎరుకల వాళ్లతో పాటు మన యానాదుల్ని కూడా ఆ పట్టీలోకి ఎక్కించారు. పట్టీలో పేరుంటే వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పిన టైముకి పోయి హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చెప్పి పోవాలి. విడ్డూరం ఏమంటే పంటకి, తోటకి రాత్రి కాపలా పెట్టుకునేది కూడా యానాదినే. కాపలాదారుడూ వాడే, దొంగా వాడే! మా తాత వాళ్ల నాయన రాత్రిపూట మునసబు కాడికి పోయి పేరు చెప్పుకుని వచ్చేవాడంట. ఎండ్రకాయల వేటకి పోయిన రోజు లేటైతే దెబ్బలు.

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో పోయింది, దేశం మొత్తం మీద 1952 ఆగస్టు 31న. దాన్ని తీయించడానికి నెల్లూరు జిల్లా మనిషి వెన్నెలకంటి రాఘవయ్య గారు చాలా తిరిగారు. ఆయన మన కులం కాదు, అయినా 1962లో మన మీద ఒక పెద్ద పుస్తకమే రాశారు. మన చరిత్ర మనోళ్లెవరూ ఇంకా రాయకపోవడం నాకు బాధే. ఈ పోస్టు అందుకే.

నేను హాస్టల్లో చేరిన రోజు మిషన్ మీద వేలు పెట్టించారు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. ఆ రాత్రి ఫోన్లో మాటల మధ్యలో చెప్తే అవ్వ చాలాసేపు పలకలేదు. తర్వాత మెల్లగా, "వేలిముద్ర ఎందుకేయించుకుంటండారు నాయనా? ఏం చేసినావు?" అంది. అన్నం లెక్కకి అవ్వా, నాకు గుడ్డు పెట్టాలి కదా, దానికి అని చెప్పా. నమ్మిందో లేదో తెలీదు. మన ఇంట్లో హాజరు అనే మాటకి అన్నం అనే అర్థం రావడం నాతోనే మొదలు.

తమ్ముడూ, ఇప్పుడు నీ ప్రశ్నకొస్తా. నెల్లూరు మరీ పెద్ద సిటీ కాదు, 2011 లెక్కల్లో దాదాపు 5 లక్షల మంది. వీఆర్ కాలేజీ 1920 నాటిది, విక్రమ సింహపురి యూనివర్సిటీ 2008లో వచ్చింది. 2022లో మన సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయినా, యానాదుల ఐటీడీఏ పుట్టింది నెల్లూరులోనే. బయట రూము అడిగితే "మీరేమోళ్లు?" అని అడుగుతారు. నన్ను ముగ్గురు అడిగారు, ముగ్గురూ ఖాళీ లేదన్నారు. అందుకే ముందు హాస్టల్ సీటు చూసుకో. క్లాసులో మొదటి రెండు నెలలు ఏమీ అర్థం కాదు, అది నీ ఒక్కడికే కాదు. సాయంత్రం చెరువు కాడికి పోతాం. మన పులికాట్ లాగా ఉప్పు వాసన ఉండదు, గాలి మాత్రం అట్లే తగుల్తది. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా కాడ రొట్టెల పండగ. కోరిక తీరినోళ్లు చెరువు నీళ్లలో దిగి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నోళ్లు తీసుకుంటారు. నేను చదువు రొట్టె తీసుకున్నా. ఇచ్చిన ఆమె ఎవరో తెలీదు, నన్ను ఏమోళ్లని అడగలేదు.

రొయ్యల గుంట కాడికి పోతే మాత్రం అడ్వాన్స్ ముట్టుకోవద్దు. మా మామ తీసుకున్నాడు, మూడేళ్లు గుంట గట్టు దిగలేకపోయాడు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లోనే వచ్చిందని ఆయనకి చెప్పినోళ్లు లేరు.

టీసీ, కుల ధ్రువీకరణ, ఆదాయ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సులు నాలుగు సెట్లు తెచ్చుకో. డిగ్రీ అప్లికేషన్ ఆన్‌లైన్లోనే, డేట్ అయిపోకముందే చెయ్యాలి. పొద్దున ప్యాసింజర్ ఎక్కి నెల్లూరు స్టేషన్లో దిగి ఫోన్ చెయ్, నేనొస్తా.