ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో వదలని దగ్గు: ఉపశమనానికి మార్గాలు

ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన దశలో రోగిని, అతనితో పాటు ఇంటిల్లిపాదినీ అలసటకు గురిచేసే లక్షణాల్లో దగ్గు ముఖ్యమైనది. వైద్యుడు నొప్పి గురించి అడుగుతాడు, ఆకలి గురించి అడుగుతాడు. దగ్గు మాత్రం ఆ వ్యాధితో వచ్చేదేనని రోగి చెప్పడు, వైద్యుడూ రెట్టించడు. ఈలోగా రాత్రి నిద్ర కరువవుతుంది. అన్నం తినబోతే దగ్గుతెర వచ్చి వాంతి అవుతుంది. పక్కటెముకలు నొప్పి పుడతాయి, ఎముకలు బలహీనపడిన వారిలో విరగనూవచ్చు. కొందరికి దగ్గిన ప్రతిసారీ మూత్రం జారుతుంది. ఆ సంగతి, ముఖ్యంగా స్త్రీలు, ఎవరికీ చెప్పుకోరు. క్యాన్సర్ నయం కాని స్థితిలోనూ ఈ దగ్గును చాలావరకు తగ్గించవచ్చునని ఉపశమన వైద్యం చెబుతోంది.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి స్థిరపడి ఉన్నాయి. 2020 డిసెంబరులో ఆ రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించేందుకు నిర్ణయించడానికి ఖరగ్‌పూర్ తెలుగువారే ప్రధాన కారణం. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ దళానికి నెలవైన శివారు సాలువా నుంచి రైల్వే కాలనీల వరకు తీవ్రమైన జబ్బు చేసినప్పుడు వెళ్లే దారులు దాదాపు ఒకటే. రైల్వే ఉద్యోగులకు, పింఛనుదారులకు ఆగ్నేయ రైల్వే ఆసుపత్రి ఉంది. కంసావతీ నది ఆవల మేదినీపూర్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఆపై కోల్‌కతా, అక్కడ గార్డెన్ రీచ్‌లో రైల్వే కేంద్రీయ ఆసుపత్రి, న్యూటౌన్‌లో టాటా మెడికల్ సెంటర్ ఉన్నాయి. తెలుగులో మాట్లాడే వైద్యుడి కోసం విశాఖపట్నం దాకా ప్రయాణించదలచిన వారికి అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

ముందు కారణం తేలాలి

దగ్గంతా కణితి వల్లనే రాదు. ఈ ఒక్క విషయం మరిచిపోవడం వల్ల ఎంతోమంది నెలల తరబడి సీసాల కొద్దీ సిరప్ తాగుతూ ఉంటారు. కణితి శ్వాసనాళాన్ని ఒరుసుకున్నా, మూసివేసినా దగ్గు వస్తుంది, నిజమే. కాని ఊపిరితిత్తి చుట్టూ పొరల మధ్య నీరు చేరినా వస్తుంది. ఆ నీటిని సూదితో తీసివేస్తే ఆయాసంతో పాటు దగ్గూ తగ్గవచ్చు. మూసుకున్న నాళం వెనుక న్యుమోనియా చేరితే యాంటీబయాటిక్ అవసరమవుతుంది. ఏళ్ల తరబడి బీడీ, చుట్ట తాగినవారిలో, కట్టెల పొయ్యి, బొగ్గు కుంపటి పొగ పీల్చిన స్త్రీలలో ముందునుంచే ఉన్న శ్వాసనాళాల జబ్బుకు ఇన్‌హేలర్ సరిగా వాడితే మార్పు కనిపిస్తుంది.

అన్నం తింటున్నప్పుడు, నీళ్లు తాగుతున్నప్పుడు మాత్రమే దగ్గు వచ్చి, గొంతు కూడా బొంగురుపోతే దానిని వేరుగా చూడాలి. స్వరపేటికకు వెళ్లే నరాన్ని కణితి నొక్కడం వల్ల స్వరతంత్రి ఒకటి కదలక, మింగినది శ్వాసనాళంలోకి జారుతూ ఉండవచ్చు. దీనికి సిరప్ పనికిరాదు. నిటారుగా కూర్చుని, గడ్డం కొద్దిగా కిందికి వంచి, చిన్న గుక్కలుగా మింగడం, పలుచని ద్రవాలకు బదులు జావ వంటి చిక్కని పదార్థం తీసుకోవడం కొందరికి మేలు చేస్తాయి. మింగే తీరును చెవి, ముక్కు, గొంతు నిపుణుడు పరీక్షించాలి.

రక్తపోటుకు వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మందులు కూడా పొడి దగ్గు తెస్తాయి. మందు మార్చితే కొన్ని వారాల్లో ఆ దగ్గు పోతుంది. అందుకే ఆసుపత్రికి వెళ్లేటప్పుడు క్యాన్సర్ ఫైలుతో పాటు బీపీ, షుగర్ మాత్రల చీటీ కూడా తీసుకువెళ్లడం అవసరం. ఛాతీకి రేడియేషన్ ఇచ్చిన తర్వాత నెల నుంచి ఆరు నెలల మధ్య కొత్తగా పొడి దగ్గు, ఆయాసం మొదలైతే అది రేడియేషన్ వల్ల కలిగిన వాపు కావచ్చు. జెఫిటినిబ్, ఒసిమెర్టినిబ్ వంటి మాత్రలు, ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు కూడా ఇటువంటి వాపును కలిగించగలవు. ఇది అరుదే గాని ప్రమాదకరమైనది. దీనికి స్టెరాయిడ్ మందులు వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి.

క్షయ సంగతి మన దేశంలో విడిగా చెప్పుకోవలసి ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవారికి తొలుత క్షయ అనుకుని మందులిచ్చిన సందర్భాలు మన దేశంలో తక్కువ కాదు. దానికి విరుద్ధంగా, క్యాన్సర్ ఉన్న రోగికి క్షయ తోడు కావడమూ ఉన్నదే. కఫం పరీక్ష ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. అది తేలిన తర్వాత, క్యాన్సర్ దగ్గు ఎవరికీ అంటదని ఇరుగుపొరుగుకు ధైర్యంగా చెప్పవచ్చు. రోగికి కంచం, గ్లాసు వేరు చేయడం, మనవలను దగ్గరికి రానీయకపోవడం వంటివి అప్పుడు అనవసరం. దగ్గు కన్నా ఆ ఎడబాటే మనసును ఎక్కువగా నొప్పించే సందర్భాలు ఉంటాయి.

ఇంటిలో చేయగలిగినవి

పొడి దగ్గుకు తేనె మంచి ఉపశమనం. ఒక చెంచా తేనె గోరువెచ్చని నీటిలో కలిపి పడుకోబోయే ముందు తాగితే గొంతు గరగర తగ్గుతుంది; మధుమేహం ఉన్నవారు లెక్క చూసుకోవాలి. తలగడ ఎత్తు పెంచడం, పక్కకు తిరిగి పడుకోవడం కొందరికి నిద్ర పట్టిస్తాయి. అగరుబత్తి, ధూపం, దోమల చుట్ట, తాలింపు ఘాటు దగ్గు తెరను రేపుతాయి. పూజ మానుకోనక్కరలేదు, పొగ మానితే చాలు. ఇంటిలో ఎవరు పొగతాగినా బయటికి వెళ్లి తాగడం కనీస మర్యాద. శీతకాలంలో తెల్లవారుజామున మంచుతో కలిసిన పొగ నేలను పట్టి ఉంటుంది కనుక ఆ వేళ కిటికీ మూసి, ఎండ వచ్చాక తెరవడం మంచిది.

దగ్గు వస్తుందనిపించిన క్షణంలోనే నోరు మూసి ముక్కుతో మెల్లగా గాలి పీల్చడం, లాలాజలం మింగడం, ఒక గుక్క నీరు తాగడం సాధన చేస్తే పొడి దగ్గు తెరలు తగ్గుతాయి. ఫిజియోథెరపిస్టులు, స్పీచ్ థెరపిస్టులు దీనిని నేర్పుతారు. కళ్లె పడే దగ్గును మాత్రం అణచరాదు. ముందుకు వంగి కూర్చుని, అద్దం మీద ఆవిరి ఊదినట్టు నోరు తెరిచి బలంగా ఊదితే, తక్కువ శ్రమతో కళ్లె పైకి వస్తుంది.

మందుల విషయం

బజారులో దొరికే సిరప్‌లలో కొన్ని విచిత్రమైన మిశ్రమాలు. కఫాన్ని పలుచన చేసి బయటికి రప్పించే మందును, దగ్గునే అణచే మందును ఒకే సీసాలో కలిపి అమ్ముతారు. ఒకటి రమ్మంటుంది, మరొకటి వద్దంటుంది. సీసా మీది పేర్లు చూసి కొనడం కన్నా పొడి దగ్గా, కళ్లె దగ్గా అని నిర్ణయించుకుని వైద్యుడు రాసినది వాడడం మేలు. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ పొడి దగ్గుకు ఇస్తారు, అయితే కొన్ని మానసిక వ్యాకులత మందులతో కలిస్తే ప్రమాదం. లెవోడ్రోప్రోపిజిన్ మత్తు తక్కువగా ఉండే మరో మందు. కోడీన్ శరీరంలో మార్ఫిన్‌గా మారి పనిచేస్తుంది. ఆ మార్పు మనిషికి మనిషికి వేరుగా ఉంటుంది కనుక కొందరిలో అసలు పనిచేయదు, కొందరిలో అతిగా పనిచేస్తుంది.

ఇవి చాలనప్పుడు ఇచ్చేది మార్ఫిన్. ఈ పేరు వినగానే ఇక ఆశ లేదని కుటుంబం భయపడుతుంది. ఆ భయానికి వైద్యపరమైన ఆధారం లేదు. తక్కువ మోతాదులో మాత్రగా తీసుకున్న మార్ఫిన్ మెదడులోని దగ్గు కేంద్రాన్ని శాంతింపజేస్తుంది, ఆయాసాన్నీ తగ్గిస్తుంది. అది ప్రాణం తీయడానికి ఇచ్చే మందు కాదు, రాత్రి నిద్రపోవడానికి వీలు కల్పించే మందు. మొదటి రెండు మూడు రోజులు మగత, వికారం ఉండవచ్చు. మలబద్ధకం మాత్రం దాదాపు తప్పదు కనుక విరేచన మందును తొలి రోజు నుంచే కలిపి రాయించుకోవాలి. కోడీన్ సిరప్‌ను దానితో పాటు కొనసాగించకూడదు. నిద్రమాత్రలు, మద్యం కలపరాదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మోతాదు మారుతుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి 2014లో చేసిన సవరణ గుర్తింపు పొందిన వైద్య సంస్థలు మార్ఫిన్ నిల్వ ఉంచడాన్ని సులభతరం చేసింది. అయినా వీధి మందుల దుకాణంలో అది దొరకదు, ఆసుపత్రి ఉపశమన విభాగంలోనే అడగాలి.

నరాల సున్నితత్వం వల్ల వచ్చే దగ్గుకు గాబాపెంటిన్ వాడతారు. లిగ్నోకెయిన్ అనే తిమ్మిరి మందును నెబ్యులైజర్ ద్వారా పీల్పించే పద్ధతి కూడా ఉంది. తొలిసారి ఆసుపత్రిలోనే చేయాలి. ఆ తర్వాత గొంతు మొద్దుబారి ఉంటుంది కనుక సుమారు గంటసేపు ఏమీ తినకూడదు, తాగకూడదు. శ్వాసనాళంలో కణితి అడ్డంగా ఉంటే ఒకటి రెండు విడతల రేడియేషన్‌తోనే దగ్గు, రక్తం పడడం తగ్గే అవకాశం ఉంది. నయం చేయడానికి ఇచ్చే వారాల రేడియేషన్ కాదిది. రోగి బలహీనంగా ఉన్నాడని దీనిని ముందే తోసిపుచ్చనక్కరలేదు.

ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు ఇదే సమస్యపై చేసిన పరిశోధన 2020లో ప్రచురితమైంది. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రెండు వారాలకు మించి దగ్గుతున్న 128 మందిలో కొందరికి మామూలు దగ్గు మందుతో పాటు అప్రెపిటెంట్‌ను ఏడు రోజులు ఇచ్చారు. కీమోథెరపీ వాంతులను నివారించే మందు అది. మామూలు మందు మాత్రమే తీసుకున్నవారి కన్నా వీరిలో దగ్గు ఎక్కువగా తగ్గింది. ఇతర మందులతో దీనికి పొత్తు కుదరని సందర్భాలు ఉన్నాయి కనుక క్యాన్సర్ వైద్యుడే నిర్ణయించాలి.

ఉపశమన వైద్యాన్ని చివరి రోజులకు వాయిదా వేయడం మరో పొరపాటు. అమెరికాలో 2010లో వెలువడిన అధ్యయనంలో, వ్యాధి ఇతర భాగాలకు పాకిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు 151 మందిని రెండు బృందాలుగా చేశారు. మామూలు చికిత్సతో పాటు తొలినుంచే ఉపశమన వైద్యం అందినవారు సగటున 11.6 నెలలు, అది లేనివారు 8.9 నెలలు జీవించారు.

వైద్యునికి చెప్పేటప్పుడు

ఖరగ్‌పూర్ తెలుగు వృద్ధులలో చాలామంది వైద్యుని ఎదుట హిందీలోనో బెంగాలీలోనో మాట్లాడవలసి ఉంటుంది. మన మాటలు కొన్ని అక్కడ దారి తప్పుతాయి. ‘గుండెల్లో కఫం పట్టింది’ అన్నది యథాతథంగా అనువదిస్తే గుండె జబ్బు అనిపిస్తుంది. ‘ఆయాసం’ అంటే ఊపిరి ఆడకపోవడమని మనకు తెలుసు, వినేవారికి అది అలసటగా తోచవచ్చు. వెంట వెళ్లే కొడుకో కోడలో ముందుగానే ఒక కాగితం మీద రాసుకోవడం మేలు: దగ్గు ఎన్నాళ్లుగా, పొడిదా కళ్లెదా, కళ్లె రంగు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, తింటున్నప్పుడు వస్తుందా, ఏ మందు ఎంత పనిచేసింది. బెంగాలీలో దగ్గును ‘కాశి’ అంటారు. పొడి దగ్గు ‘శుక్‌నో కాశి’.

కళ్లెలో రక్తపు చారలు కనబడితే ఆ రోజే వైద్యునికి తెలపాలి. చెంచాల కొద్దీ రక్తం పడినా, ఉన్నట్టుండి ఊపిరి అందకపోయినా, ఒక కాలు మాత్రమే వాచినా, ముఖం, మెడ ఉబ్బి మెడ నరాలు పొంగినా, చలితో జ్వరం వచ్చినా ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేర్చాలి. రక్తం పడుతున్న మనిషిని కణితి ఏ వైపు ఉందో ఆ వైపుకే తిప్పి పడుకోబెట్టాలి, రెండవ ఊపిరితిత్తిలోకి రక్తం జారకుండా ఉంటుంది. కణితి కుడివైపా ఎడమవైపా అన్నది ఇంటిలో ఒక్కరికైనా తెలిసి ఉండాలి. తెలియకపోతే తదుపరి సందర్శనలో వైద్యుని అడిగి, ఫైలు అట్టమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచుకోవచ్చు.