నమూనా తయారైంది, ఆర్డరు ఏదీ?

పంజాగుట్ట నిమ్స్ ఎముకల వైద్యుడొకరు ఓసారి అబ్దుల్ కలాం ప్రయోగశాలకు వెళ్లి, అగ్ని క్షిపణి కోసం చేసిన తేలికపాటి పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారు. వెంటనే కలాంను ఆస్పత్రికి తీసుకొచ్చి, మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లతో కాళ్లీడ్చుకుంటున్న పిల్లలను చూపించారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయని కలాం చెప్పేవారు. అవసరం కళ్లెదుట ఉండి, నిర్ణయం చేసేవాడి చేతిలోనే ఉంటే పని అలా నడుస్తుంది.

1983లో రూ.388 కోట్లతో మొదలైన కలాం నడిపిన సమగ్ర క్షిపణి కార్యక్రమానికి అలాంటి వెసులుబాటు కొంత దక్కింది. బయటి సంస్థలకు మాత్రం టెండరే దారి. కొనబోయే వస్తువు ఏమిటో ముందే తెలిసినప్పుడు అతి తక్కువ ధర చెప్పినవారికే ఆర్డరిచ్చే ఎల్-1 పద్ధతి సరిపోతుంది. ఇంకా పుట్టని పరికరానికి తక్కువ ధర ఎవరు చెప్పగలరు? అమెరికా ఈ చిక్కును ముందే గుర్తించింది. మామూలు కొనుగోలు నిబంధనలకు బయట ఒప్పందాలు చేసుకునే అధికారాన్ని 1958లోనే నాసాకు, 1989లో రక్షణ పరిశోధనకు ఇచ్చింది.

మనకు తొలి రక్షణ కొనుగోలు విధానం 2002లో వచ్చింది. 2006లో చేరిన ‘మేక్’ పద్ధతిలో నమూనా ఖర్చులో 80 శాతం ప్రభుత్వం భరిస్తానంది. ఫలితాలు మాత్రం చాలా తక్కువ. 2016లో ఆ వాటాను 90 శాతానికి పెంచారు. నమూనా నెగ్గాక రెండేళ్లలో కొనుగోలు ప్రక్రియ మొదలుకాకపోతే మిగిలిన పది శాతమూ తిరిగిస్తామన్నారు. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా నిజాయితీ గల షరతు అదే. ఆలస్యానికి మూల్యం చెల్లించాల్సింది కొనేవాడేనని ప్రభుత్వం ఒప్పుకుంది.

2018లో రక్షణ శాఖ పథకం ఐడెక్స్ వచ్చింది. స్టార్టప్‌కు కోటిన్నర దాకా గ్రాంటు ఇస్తారు, అంతే సొమ్ము సంస్థా పెట్టాలి, ఒక్కో మైల్‌స్టోన్ దాటాకే తర్వాతి విడత. మన హైదరాబాద్ టీ-హబ్ ఇందులో భాగస్వామి. తర్వాత గ్రాంటు పరిమితి ఐడెక్స్ ప్రైమ్‌లో 10 కోట్లకు, 2024లో అదితి పథకంతో 25 కోట్లకు పెరిగింది. కానీ గ్రాంటు వేరు, ఆర్డరు వేరు.

అమీర్‌పేట పక్కనే సనత్‌నగర్ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఉన్న జెన్ టెక్నాలజీస్ 1993లో పుట్టింది. సైనిక శిక్షణకు సిమ్యులేటర్లు చేస్తూ నిలదొక్కుకుని, 2021లో వాయుసేన నుంచి డ్రోన్లను అడ్డుకునే వ్యవస్థకు రూ.155 కోట్ల ఆర్డరు అందుకుంది. అప్పటికి సంస్థ వయసు 28 ఏళ్లు. నిన్న మొన్న పుట్టిన స్టార్టప్ అంతకాలం ఎక్కడ ఆగగలదు? గ్రాంటు అయిపోయి, ఆర్డరు రాకపోతే ముందు వెళ్లిపోయేది నేర్పున్న ఇంజనీర్లే.

పరీక్ష నెగ్గిన నమూనాకు ఎన్ని నెలల్లో, కనీసం ఎన్ని పరికరాలకు ఆర్డరిస్తారో తొలి ఒప్పందంలోనే రక్షణ శాఖ రాసివ్వాలి.