ముగ్గురిలో ఒకడు మారితే

నెలాఖరు సాయంత్రం. హైదరాబాద్‌లో మిధానికి దగ్గర్లోని ఒక సందు, రెండో అంతస్తు. చెప్పులు జరుపుకుని లోపలికి రండి. కరీంనగర్ పిల్లవాడు అట్టపెట్టెకు తాడు బిగిస్తున్నాడు. భారత్ డైనమిక్స్‌లో వాడి ఏడాది అప్రెంటిస్‌షిప్ అయిపోయింది. వాడి చోట్లోకి వచ్చిన నల్గొండ కుర్రాడు బ్యాగు దించకుండానే గోడకు ఆనుకున్నాడు. గదిలో పాతకాపు చాయ్ పెడుతున్నాడు. ఇంకొకడు డ్యూటీలో ఉన్నాడు.

కంచన్‌బాగ్‌లో ఏటా ఇదే వరస. 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిధాని అనే రక్షణ రంగ కంపెనీలు పుట్టాయి. వాటిలో శిక్షణకు ఐటీఐ ముగించిన ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు వస్తారు, శిక్షణ కాగానే పోతారు. గది మాత్రం ఖాళీ కాదు, మనుషులే మారుతుంటారు.

"నా ఎనిమిది వేలు నువ్వే కొట్టెయ్ తమ్మీ, నేను పోత."

కొత్తవాడు ఫోన్ తీసి స్కానర్ తెరిచాడు.

"ఆగు." పాతకాపు స్టవ్ కట్టేశాడు. "ముందు ఓనర్ అంకుల్‌ని పిలుద్దాం."

మంచి పని చేశాడు. కిరాయి పన్నెండు వేలు, అడ్వాన్స్ తలా ఎనిమిది చొప్పున ఇరవై నాలుగు వేలు, అగ్రిమెంట్‌లో ముగ్గురి సంతకాలు. కలిసి మాటిచ్చినవాళ్లలో ఏ ఒక్కరి దగ్గరైనా బాకీ మొత్తం వసూలు చేసుకోవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ చెబుతుంది. కరీంనగర్ చేరినా పేరు కొట్టేయనంత కాలం పోయేవాడికీ బాధ్యత తప్పదు. కొత్తవాడిదైతే ఇంకా కష్టం. డబ్బు పోయేవాడి చేతిలో పెడితే, రేపు ఖాళీ చేసేటప్పుడు "నాకు నువ్వెప్పుడిచ్చినవ్?" అని ఓనర్ అడగొచ్చు. ఊరు విడిచి, స్టైపెండ్ మీద బతికే పిల్లలకు ఎనిమిది వేలంటే మాటలు కాదు.

కిరాయిదారు తన హక్కు ఇంకొకరికి ఇచ్చుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ అంటుంది, ఒప్పందం అడ్డు చెప్పకపోతేనే. ఈ స్టాంపు పేపర్ అడ్డు చెబుతోంది: ఓనర్ రాసిస్తే తప్ప వేరేవాళ్లను పెట్టకూడదు.

అంకుల్ మెట్లెక్కి వచ్చాడు. నేరుగా బాత్రూంలోకి వెళ్లాడు.

"ఈ నల్లా ఎవరు పలగ్గొట్టిన్రు?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు.

"మా ముగ్గురిదీ, అంకుల్," అన్నాడు పాతకాపు. "కొత్తోనికి సంబంధం లేదు."

ఆరు వందలు. తలా రెండు వందలు. డ్యూటీలో ఉన్నవాడు ఫోన్ స్పీకర్లోంచే సరే అన్నాడు. కిందికి దిగి కరెంటు మీటర్ ఫొటో తీశారు. ఈ అంకె దాకా పాత ముగ్గురిది, ఆ పైన కొత్తవాడితో లెక్క.

పొడుగు నోట్‌బుక్ కాగితం మీద అంకుల్ చెబుతుంటే పాతకాపు రాస్తున్నాడు. తారీఖు. పోయేవాడికి ఈ రోజుతో బాధ్యత తీరింది. వాడి అడ్వాన్స్‌లో రెండు వందలు పోను ఏడువేల ఎనిమిది వందలు ఓనరే ఇచ్చాడు. కొత్తవాడు ఎనిమిది వేలు ఓనర్‌కే కట్టాడు, ఒకటో తారీఖు నుంచి అగ్రిమెంట్‌లోని షరతులన్నీ వాడికీ వర్తిస్తాయి. కింద ఆధార్ జిరాక్స్ పిన్ను చేశారు. మూడోవాడి సంతకానికి జాగా వదిలారు, డ్యూటీ దిగి రాగానే పెట్టాలి. అగ్రిమెంట్‌లో మిగిలిన ఐదు నెలలకు నాలుగు పేర్లతో గందరగోళం లేకుండా కొత్త స్టాంపు పేపర్ రాయిద్దామని అంకులే అన్నాడు.

ఫోన్ మోగింది. డబ్బు పడింది. పోయేవాడు పెట్టె భుజానికెత్తుకున్నాడు. జేబీఎస్‌లో కరీంనగర్ బస్సు పట్టుకోవాలి. గుమ్మం దాటబోయి ఆగాడు.

"అన్నా, ఆని సంతకం పడినంక ఆ కాగితం ఫొటో నాకు గూడ పంపు."